మూడొందల మీటర్ల గొడవ

వెనక వరస వాళ్ళకి వినిపిస్తోందా? సరే. ముందు ఈ మూడూ తీసుకోండి, ఒకరి నుంచి ఒకరికి పాస్ చేస్తూ ఉండండి, కంగారు పడకండి ఇవి డమ్మీలు, లోపల మందు లేదు, వెనక ప్రైమర్, అంటే మందుని అంటించే చిన్న బిళ్ళ, ఉండాల్సిన చోట కూడా ఖాళీయే. ముందు అంకె బుల్లెట్ మందం, రెండోది కేసు, అంటే మందు నింపే లోహపు గొట్టం, పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. పెద్దది 7.62 బై 51, అంటే నాటో పెద్ద తూటా. మధ్యది 7.62 బై 39, ఏకే-47 తినేది ఇదే. చిన్నది 5.56 బై 45, అమెరికా వాళ్ళ ఎం16 తూటా. డమ్మీ కాబట్టి వీటి బరువు నిజం తూటాకి సరిపోదు, అసలైనవైతే పెద్దది 24 గ్రాముల దాకా ఉంటుంది, మధ్యది 16, చిన్నది 12. ఈ మూడు అంకెలూ గుర్తు పెట్టుకుంటే చాలు, నేను ఇవాళ చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

అసాల్ట్ రైఫిల్ అనగానే అందరూ తుపాకీ గురించే మాట్లాడతారు, దాని ఆకారం, దాని పేరు, ఏది గొప్ప ఏది చెత్త అని. నేను చాలా ఏళ్ళు వీటిని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది ఏంటంటే, తుపాకీ అనేది తూటా చుట్టూ కట్టిన ఇల్లు, అంతే. తూటా ఎంత పెద్దది అనేది ముందు తేలాలి, ఆ తర్వాతే గొట్టం పొడవు, బరువు, మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయి, భుజాన్ని ఎంత గట్టిగా తంతుంది అన్నీ తేలతాయి. ఆ తూటా ఎంత పెద్దది ఉండాలి అనేది ఇంకో ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది, సైనికుడు నిజంగా ఎంత దూరం నుంచి కాలుస్తాడు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికింది, పోయింది, మళ్ళీ దొరికింది, ఇప్పుడు మళ్ళీ పోతోందేమో అని నా అనుమానం.

1898లో జర్మన్లు తెచ్చిన మౌజర్ రైఫిల్ చూడండి, దాని మీద ఉన్న సైట్‌ని, అంటే గురి చూసే పట్టీని, 2000 మీటర్ల దాకా జరుపుకోవచ్చు. రెండు కిలోమీటర్లు! ఆ దూరంలో మనిషి కంటికి చుక్కలా కనబడితే గొప్ప. అప్పటి లెక్క ఏంటంటే పొగ రాని మందు కొత్తగా వచ్చింది, 1880ల్లో ఫ్రాన్స్‌లో మొదలైంది, దాంతో తూటా బాగా దూరం పోతోంది, కాబట్టి వందమంది ఒకేసారి దూరంగా ఉన్న గుంపు మీదకి కాలిస్తే ఎవరికో ఒకరికి తగులుతుంది అని. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ గుంపులు లేవు, అందరూ కందకాల్లోకి దిగిపోయారు, కందకంలో మలుపు తిరిగితే శత్రువు పది అడుగుల్లో ఉంటాడు, చేతిలో చూస్తే మీటరు పైన పొడుగున్న రైఫిల్, ఒక్కసారి కాల్చాక బోల్టు, అంటే తూటాని లోపలికి నెట్టి వెనక నుంచి మూసే ముక్క, లాగి మళ్ళీ తోయాలి. అందుకే 1918లో జర్మన్లు పిస్టల్ తూటాలు కాల్చే చిన్న మెషిన్ గన్ ఎంపీ18 తెచ్చారు, ఇలాంటిదాన్నే సబ్‌మెషిన్ గన్ అంటారు, దగ్గర్లో అది బ్రహ్మాండం, వంద మీటర్లు దాటితే దండగ. అంటే ఒకడి చేతిలో పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, ఇంకొకడి చేతిలో దూరం పోలేని గోళీలు, మధ్యలో ఏమీ లేదు. రష్యాలో ఫెదరోవ్ అని ఒక ఇంజనీరు మాత్రం 1916 నాటికే జపాన్ వాళ్ళ కొంచెం చిన్న 6.5 తూటాతో ఆటోమేటిక్ రైఫిల్ చేశాడు, కొన్ని వేలే తయారయ్యాయి, తర్వాత ఆగిపోయింది. కాలం కంటే ముందు పుట్టాడు పాపం.

ఆ మధ్యలో ఉన్న ఖాళీని పూడ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లే. వాళ్ళు లెక్క వేసుకుంటే అసలు కాల్పులు జరిగేది మూడు నాలుగొందల మీటర్ల లోపే. మరి 2000 మీటర్ల తూటా ఎందుకు మోయాలి? పాత 7.92 తూటానే తీసుకుని కేసు పొట్టిగా చేసేశారు, 57 మిల్లీమీటర్లది కాస్తా 33 అయింది, పేరు కూడా కుర్జ్ అనే పెట్టారు, జర్మన్‌లో పొట్టి అని అర్థం. దాని చుట్టూ హ్యూగో ష్మైసర్ హేనెల్ కంపెనీలో తుపాకీ కట్టాడు, 30 తూటాల మ్యాగజైన్, ఒక మీట తిప్పితే సింగిల్, ఇంకో వైపు తిప్పితే ఆటోమేటిక్. 1942లో రష్యా వైపు ఫ్రంట్‌లో పరీక్షకి పంపితే సైనికులు ఇంకా పంపండి అన్నారు. హిట్లర్ మాత్రం వద్దన్నాడు, గోదాముల్లో పాత తూటాలు గుట్టలుగా ఉన్నాయి కొత్తరకం ఎందుకు అని. అప్పుడు ఆయుధ విభాగం వాళ్ళు ఏం చేశారంటే, ఇది రైఫిల్ కాదండీ సబ్‌మెషిన్ గన్ అని కాగితాల మీద పేరు మార్చేసి ఎంపీ43 అని రాసుకుని పని కొనసాగించారు, ఆఫీసు పని ఏ దేశంలో అయినా ఆఫీసు పనే. (నవ్వులు) చివరికి 1944లో అక్కడి కమాండర్లని మీకేం కావాలి అని హిట్లర్ అడిగితే ఆ కొత్త రైఫిల్సే ఇంకా కావాలి అన్నారని ఒక కథ చెప్తారు. అప్పుడు ఒప్పుకుని పేరు కూడా తనే పెట్టాడంటారు, స్టుర్మ్‌గెవేర్ అని. దాన్నే ఇంగ్లిష్‌లోకి మార్చితే అసాల్ట్ రైఫిల్. అంటే ఈ మాట పుట్టుక టెక్నికల్ కాదు, ప్రచారం కోసం పెట్టిన పేరు. నాలుగు లక్షల పైచిలుకు తయారయ్యాయి గానీ అప్పటికే యుద్ధం చేజారిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం, నిర్వచనం చెప్పేస్తా, ఎందుకంటే టీవీల్లో ఏ నల్ల తుపాకీ కనబడినా అసాల్ట్ రైఫిల్ అనేస్తారు. మూడు ఉండాలి. మధ్యరకం తూటా, సింగిల్ నుంచి ఆటోమేటిక్‌కి మార్చుకునే మీట, ఊడదీసి పెట్టుకునే మ్యాగజైన్. మీట లేకుండా ఒక్కో నొక్కుకి ఒక్కటే కాల్చేది అయితే చూడ్డానికి ఎలా ఉన్నా సైన్యం లెక్కలో అది అసాల్ట్ రైఫిల్ కాదు.

సరే, ఏకే-47 చేసిన కలాష్నికోవ్. ఈయన రష్యా సైన్యంలో ట్యాంక్ కమాండర్, 1941 అక్టోబర్‌లో బ్రియాన్స్క్ దగ్గర గాయపడి ఆసుపత్రిలో చేరాడు, పక్క మంచాల మీద వాళ్ళంతా జర్మన్ల దగ్గర ఆటోమేటిక్‌లు ఉన్నాయి మన దగ్గర సరిపడా లేవు అని గొణుక్కోవడం విని బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. మొదట చేసిన తుపాకీని సైన్యం తీసుకోలేదు, ఇది చాలామంది మర్చిపోతారు. ఈలోగా రష్యన్ల చేతికి జర్మన్ల కొత్త రైఫిల్ చిక్కింది, దాన్ని చూసి 1943లోనే వాళ్ళ మధ్యరకం తూటా తయారుచేసుకున్నారు, అదే మీ చేతుల్లో తిరుగుతున్న మధ్యది. తుపాకీ కోసం పోటీ పెట్టారు, చాలామంది డిజైనర్లు, ఒకటికి నాలుగు రౌండ్లు, చివరికి కలాష్నికోవ్ బృందం చేసింది నెగ్గి 1949లో అధికారికంగా సైన్యంలోకి వచ్చింది.

ఇది జర్మన్ దాని కాపీ కదా అని ప్రతి చోటా ఎవరో ఒకరు అడుగుతారు, మీలో కూడా ఒకరు చెయ్యి ఎత్తబోతున్నారు నాకు కనబడుతోంది. ఆలోచన జర్మన్లదే, బయట రూపం కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది, ష్మైసర్‌ని యుద్ధం తర్వాత పట్టుకెళ్ళి రష్యాలోని తుపాకుల ఊరు ఇజెవ్‌స్క్‌లో కొన్నేళ్ళు పని చేయించారు అన్నదీ నిజమే. కానీ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే లోపల వేరు. జర్మన్ దాంట్లో బోల్టు కొంచెం వంగి తాళం పడుతుంది, ఏకేలో బోల్టు తిరిగి తాళం పడుతుంది, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళు వాడిన ఎం1 గరాండ్ రైఫిల్‌లో లాగా. ట్రిగ్గర్ సెట్ కూడా అటు వైపుదే. మంచిది ఎక్కడ కనబడితే అక్కడి నుంచి తీసుకున్నారు, డిజైన్ అంటే అదే కదా.

అసలు ఏకే ఎందుకు ఆగదు అంటే, దాని లోపలి భాగాల మధ్య వదులు ఉంటుంది, కావాలనే. మీరు ఒకసారి పై మూత తీసి బోల్టుని మోసే బోల్ట్ క్యారియర్‌ని వేలితో పక్కకి కదిపితే గలగలమంటుంది, కొత్తవాళ్ళు ఇదేంటి నాసిరకం సరుకు అనుకుంటారు. ఆ వదులులోకే ఇసుక, మసి, మట్టి పోతాయి, పోయినా భాగాలు పట్టేయవు. పిస్టన్ బరువైనది, క్యారియర్ కూడా బరువైనది, రెండూ ఒకే ముక్క, మందు కాలి పుట్టిన గ్యాస్ గట్టిగా కొట్టగానే అది సుత్తిలా వెనక్కి పోయి వస్తుంది, దారిలో ఏం అడ్డున్నా తోసేసుకుని పోతుంది. తూటా కేసు కూడా చూడండి, చేతిలో ఉన్నవాళ్ళు, ముందు వైపుకి సన్నబడుతూ ఉంటుంది, అందుకని చాంబర్‌లోంచి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలోంచి, తేలిగ్గా ఊడి వస్తుంది, అదే కారణంగా ఆ తూటాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరస వంకర తిరుగుతుంది, ఏకే మ్యాగజైన్ అరటికాయలా వంగి ఉండటానికి కారణం స్టైల్ కాదు, ఈ వాలు. చాంబర్‌కీ గొట్టానికీ లోపల క్రోమ్ పూత. ఈ క్రోమ్ సంగతి గుర్తు పెట్టుకోండి, ఇంకాసేపట్లో మళ్ళీ వస్తుంది.

మీట ఒక ముచ్చట. ఏకేకి కుడి పక్కన పొడుగాటి రేకు లాంటి మీట ఉంటుంది, పైన ఉంటే సేఫ్, మధ్యలో ఆటోమేటిక్, అడుగున సింగిల్. పాశ్చాత్య రైఫిల్స్‌లో ఎక్కువగా సేఫ్ తర్వాత సింగిల్, ఆ తర్వాతే ఆటో. ఏకేలో ఎందుకు తిరగేశారంటే, కంగారులో ఉన్న కుర్రాడు మీటని ఒకేసారి అడుగు దాకా కొట్టేస్తాడు, అప్పుడు సింగిల్‌లో పడాలి, మ్యాగజైన్ మొత్తం ఆకాశంలోకి ఖాళీ చేయకుండా, అంటారు. ఆ మీట దింపితే టక్కుమని చప్పుడు వస్తుంది, నిశ్శబ్దంగా ఉన్న రాత్రి చాలా దూరం వినబడుతుంది, దాన్ని వేళ్ళతో ఒడిసి పట్టుకుని మెల్లగా దింపడం అనేది ఒక కళ.

మొదట్లో దాని బాడీని రేకు నొక్కి చేద్దామనుకున్నారు, చవక అని, కానీ అప్పటి కార్ఖానాల్లో ముక్కలు వంకర్లు పోయి ఎక్కువ భాగం పక్కన పడేయాల్సి వచ్చేది, దాంతో కొన్నేళ్ళు గట్టి ఉక్కు దిమ్మని చెక్కి చేశారు, బరువు పెరిగింది. 1959లో ఏకేఎం వచ్చేసరికి రేకు నొక్కే విద్య పట్టుబడింది, బరువు బాగా తగ్గింది, ప్రపంచం మొత్తం తిరిగింది ఎక్కువగా ఇదే, అందరూ ఏకే-47 అని పిలిచేదాంట్లో చాలావరకు ఏకేఎం లేదా దాని కాపీలు. అన్ని రకాలూ కలిపి 10 కోట్ల దాకా తయారయ్యాయని అంచనా. మొజాంబిక్ జెండా మీద దాని బొమ్మే ఉంది. కలాష్నికోవ్ చివరి రోజుల్లో రష్యన్ చర్చి పెద్దకి ఉత్తరం రాశాడు, నా తుపాకీ ఇంతమంది ప్రాణాలు తీస్తే ఆ పాపం నాదేనా అని, 2013 డిసెంబర్‌లో పోయాక ఆ ఉత్తరం బయటికి వచ్చింది.

ఇప్పుడు అటు వైపు ఏం జరిగిందో చూద్దాం, ఇది నాకు ఇంకా ఇష్టమైన భాగం ఎందుకంటే ఇది తప్పుల కథ. యుద్ధం అయ్యాక బ్రిటన్ వాళ్ళు బుద్ధిగా 7 మిల్లీమీటర్ల మధ్యరకం తూటా చేసుకుని, దానికి ఈఎం-2 అనే రైఫిల్ కట్టుకుని, 1951లో తీసుకుంటున్నాం అని ప్రకటించారు కూడా. అమెరికా ఒప్పుకోలేదు. మా సైనికుడు గురిచూసి దూరం కొట్టేవాడు, మాకు పూర్తి బలం ఉన్న తూటాయే కావాలి అన్నారు. చర్చిల్ మళ్ళీ ప్రధాని కాగానే నాటో ఒకటిగా ఉండాలని సొంత రైఫిల్ పక్కన పెట్టేశాడు. అలా 1954లో నాటో అంతా ఈ పెద్దది, 24 గ్రాములది, నెత్తికెత్తుకుంది. దానికోసం 1957లో అమెరికా ఎం14 తెచ్చింది, ఆటోమేటిక్‌లో కాలిస్తే రెండో తూటా నుంచి గొట్టం ఆకాశం వైపు లేస్తుంది, దాంతో చాలా ఎం14లకి ఆ మీటే పని చేయకుండా బిగించేసి ఇచ్చారు. అంటే అసాల్ట్ రైఫిల్ అవ్వాల్సింది పాతకాలపు రైఫిల్ అయిపోయింది.

నవ్వొచ్చేది ఏంటంటే వాళ్ళ సైన్యం సొంత పరిశోధన విభాగం 1952లోనే రిపోర్ట్ ఇచ్చింది. హిచ్‌మన్ అనే ఆయన గాయాల లెక్కలు, మ్యాపులు, గురి పరీక్షలు అన్నీ చూసి చెప్పాడు, 300 గజాలు దాటి రైఫిల్ వాడటం అరుదు, 100 గజాలు దాటాక మామూలు సైనికుడి గురి బాగా పడిపోతుంది, కాబట్టి చిన్న తూటా చాలు అని. జర్మన్లు పదేళ్ళ కిందట తేల్చిందే. రిపోర్ట్ వచ్చిన రెండేళ్ళకే పెద్ద తూటా మీద సంతకాలు పెట్టారు. కాగితం ఒక గదిలో, పెన్ను ఇంకో గదిలో.

యూజీన్ స్టోనర్ అని ఆర్మలైట్ కంపెనీలో ఇంజనీరు, విమానాల కంపెనీకి పిల్ల కంపెనీ అది, అందుకే తుపాకీ బాడీ ఉక్కుతో కాకుండా అల్యూమినియంతో, ప్లాస్టిక్‌తో చేశాడు. ఏఆర్-10 అని ముందు పెద్ద తూటాకి, తర్వాత దాన్నే కుదించి 5.56కి ఏఆర్-15. మీ చేతుల్లో చిన్నది చూడండి, దాని ముందున్న బుల్లెట్ 3.6 గ్రాములే, కానీ సెకనుకి 990 మీటర్ల దాకా పోతుంది. అదే మోత బరువుకి రెండింతల తూటాలు మోయొచ్చు, అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది. 1959లో దీన్ని కోల్ట్‌కి అమ్మేశారు. 1960 జులై 4న వైమానిక దళం జనరల్ కర్టిస్ లెమే ఒక విందులో దీంతో పుచ్చకాయలు కాల్చి చూసి ముచ్చటపడి మాకు కావాలి అన్నాడు, అలా ఎం16 అనే పేరుతో ముందు వైమానిక దళంలోకి, తర్వాత వియత్నాంలోకి వచ్చింది. పుచ్చకాయ పగలడం చూసి రైఫిల్ ఎంపిక చేశారని తిట్టేవాళ్ళున్నారు, నేనైతే తిట్టను, ఎందుకంటే ఎంపిక కరెక్టే.

చెడగొట్టింది తర్వాత. స్టోనర్ ఒకరకం మందుతో తుపాకీ లెక్కంతా సరిచూసుకున్నాడు, సన్నని కడ్డీ ముక్కల్లాంటి మందు అది. సైన్యం దాన్ని మార్చి గుండ్రటి గింజల్లాంటి బాల్ పౌడర్ పెట్టింది, అందులో ఆమ్లం తగ్గించడానికి కలిపిన సున్నం, గ్యాస్‌ని గొట్టంలోంచి బోల్టు దగ్గరికి తెచ్చే గ్యాస్ ట్యూబ్‌లో పేరుకుపోతుంది. అంతకంటే పెద్ద సమస్య, ఈ మందు వల్ల గ్యాస్ ట్యూబ్ దగ్గరికి వచ్చే ఒత్తిడి ఎక్కువైంది, తుపాకీ కాల్చే వేగం పెరిగిపోయి నిమిషానికి వెయ్యి దాకా ఎగబాకింది. అది ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూడండి. తూటా పేలగానే ఇత్తడి కేసు ఒత్తిడికి ఉబ్బి చాంబర్ గోడకి అతుక్కుంటుంది, ఒక క్షణం ఆగితే మళ్ళీ ముడుచుకుని వదులవుతుంది. బోల్టు తొందరపడి ఆ క్షణం ఆగకుండా లాగేస్తే కేసు ఇంకా అతుక్కునే ఉంటుంది, దాని అంచుని పట్టుకున్న కొక్కెం అంచు చీల్చుకుని ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది, కేసు లోపలే ఉండిపోతుంది. దీనికి తోడు చాంబర్‌కి క్రోమ్ లేదు, ఖర్చూ అవసరం లేదూ అని వదిలేశారు, ఆ తేమలో చాంబర్ తుప్పు పట్టి గరుకు తేలింది, కేసు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఇంకా పైన ఇది కొత్త రకం తుపాకీ పెద్దగా తుడవక్కర్లేదు అనే మాట పాకింది, తుడిచే కిట్లు కూడా సరిపడా పంపలేదు. సైనికులు ఒక తుడిచే కడ్డీని రైఫిల్ పక్కన టేపుతో కట్టుకుని తిరిగేవాళ్ళు, కేసు ఇరుక్కుంటే ముందు నుంచి కడ్డీ దూర్చి పొడిచి తీయడానికి, అదీ ఎదురుగా కాల్పులు జరుగుతుండగా. కడ్డీ పట్టుకునే చచ్చిపోయిన కుర్రాళ్ళు ఉన్నారు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ విచారణ చేసి, ఈ తూటా లోపాల్ని సరిదిద్దకపోవడం నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉంది అని రాసింది. ఆ రోజుల్లోనే క్రోమ్ పూత వచ్చింది, స్ప్రింగ్ ముందు ఉండి బోల్టు వేగాన్ని తగ్గించే బఫర్ బరువు పెంచారు, కిట్లు ఇచ్చారు, బొమ్మల కథలాగా మాన్యువల్ వేసి పంచారు, అదే రైఫిల్ ఎం16ఏ1 అయి బుద్ధిగా పనిచేసింది. ఇవాల్టికీ దాని పిల్లలే ప్రపంచంలో చాలా సైన్యాల చేతుల్లో ఉన్నాయి. తప్పు రైఫిల్‌ది కాదు, అయినా పేరు మాత్రం దానికే వచ్చింది.

నాకూ ఒకటి ఇలాంటిది. ఒక రైఫిల్ పదేపదే ఆగిపోతోందని తెచ్చి ఇచ్చారు, నేను బోల్టు చూశా, గ్యాస్ రంధ్రం చూశా, స్ప్రింగ్ మార్చా, రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా. చివరికి చూస్తే మ్యాగజైన్ పై అంచులు, పెదవులంటాం వాటిని, ఒక పక్కది వెంట్రుకవాసి బయటికి వంగింది, అంతే. ఎవరో దాంతో ఏదో కొట్టి ఉంటారు. అప్పటి నుంచి ఎవరైనా తుపాకీ ఆగింది అంటే నేను ముందు మ్యాగజైన్ అడుగుతా.

ఆ తర్వాత కొన్నేళ్ళు గబగబా దాటేద్దాం. రష్యన్లు కూడా చిన్న తూటాకే వచ్చారు, 1974లో 5.45తో ఏకే-74. నాటో 1980లో 5.56నే అందరికీ ప్రామాణికం చేసింది, అంటే 1954లో వద్దన్నదానికంటే ఇంకా చిన్నదానికి ఒప్పుకున్నారు. మ్యాగజైన్‌ని ట్రిగ్గర్ వెనక్కి జరిపి తుపాకీ పొట్టిగా చేసే బుల్‌పప్‌లు వచ్చాయి, ఆస్ట్రియా ఆగ్, ఫ్రాన్స్ ఫమాస్, బ్రిటన్ ఎస్ఏ80. ఈ ఎస్ఏ80 1985లో వచ్చి ఎంత ఏడిపించిందంటే చివరికి 2000 తర్వాత జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కోచ్‌కి ఇచ్చి బాగు చేయించుకున్నారు. ఇప్పుడు ఫ్రాన్స్ బుల్‌పప్ వదిలి హెచ్‌కే416కి పోయింది, చైనా కూడా తన బుల్‌పప్ వదిలి 2019లో మామూలు ఆకారంలో క్యూబీజెడ్-191 చూపించింది. ఎడమచేతి వాటం వాళ్ళకి ఖాళీ కేసులు మొహం మీదకి రావడం, మ్యాగజైన్ చంక కింద వెతుక్కుని మార్చడం, ఇవన్నీ చిన్న విషయాలే గానీ రోజూ భరించాలంటే పెద్దవే.

భవిష్యత్తు గురించి కూడా చెప్పాలి కదా, ముందు పాత భవిష్యత్తులు చూద్దాం. 1960ల్లో అమెరికా వాళ్ళు తూటా బదులు సూదుల్లాంటి బాణాలు కాల్చే రైఫిల్ కోసం తంటాలు పడ్డారు, అయ్యింది లేదు. జర్మన్లు జీ11 అని చేశారు, నాకు దాని మీద కొంచెం ప్రేమ ఉంది, ఇత్తడి కేసే లేదు, మందునే గట్టి దిమ్మలా చేసి అందులో 4.73 మిల్లీమీటర్ల బుల్లెట్ పొదిగారు, మూడు తూటాలు నిమిషానికి 2000 పైన లెక్కన పోతాయి, భుజానికి తన్ను తెలిసేలోపే మూడూ వెళ్ళిపోతాయి. లోపల చూస్తే గోడ గడియారంలా ఉంటుంది. ఒక్క తిరకాసు, మామూలు తుపాకీలో బయటికి ఎగిరే ఇత్తడి కేసు తనతో పాటు వేడిని కూడా మోసుకుపోతుంది, ఇక్కడ కేసు లేదు కాబట్టి వేడంతా లోపలే ఉండి, ట్రిగ్గర్ నొక్కకుండానే మందు అంటుకునేది. వేరే రకం మందు పెట్టి అది కూడా చాలావరకు సరిచేశారు, ఇంతలో బెర్లిన్ గోడ కూలింది, రెండు జర్మనీలు కలిశాయి, డబ్బు లేదు, జీ11 మూలపడింది. అదే 1990లో అమెరికా నాలుగు కొత్త డిజైన్లకి పోటీ పెట్టి, ఎం16 కంటే తగిలే అవకాశం రెండింతలు అవ్వాలి అని షరతు పెడితే ఒక్కటీ నెగ్గలేదు. ఆ తర్వాత గాలిలో పేలే 20 మిల్లీమీటర్ల గుండు, రైఫిల్ రెండూ కలిపి ఎక్స్ఎం29 అని చేస్తే బరువు ఎనిమిది కిలోల దాకా వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం.

మరి ఈ 50 ఏళ్ళలో నిజంగా మారింది ఏంటి? పైన పెట్టే అద్దం. ఇనుప సైట్‌తో రెండు బిందువులు, లక్ష్యం మూడూ ఒకే వరసలోకి తేవాలి, కన్ను ఒకేసారి మూడు దూరాల్లో ఫోకస్ చేయలేదు. ఎర్ర చుక్క సైట్ వచ్చాక చుక్క పెట్టు, కాల్చు. ఇప్పుడు దగ్గరికి ఒక రెట్టు, దూరానికి ఎనిమిది రెట్లు పెంచుకునే స్కోపులు మామూలు సైనికుడికే ఇస్తున్నారు. రైఫిల్ పదేళ్ళ పాతదైనా మంచి అద్దం పెడితే కొత్త రైఫిల్ కిందే లెక్క, నేను కళ్ళారా చూశాను.

ఇక ఇప్పుడు. అఫ్గానిస్తాన్‌లో అమెరికన్ సైనికుల మీద కొండ మీద నుంచి, లోయ అవతల నుంచి, 5.56 అందుకోలేని దూరాల నుంచి మెషిన్ గన్‌లు కాల్చారు. దానికి తోడు అవతలి సైన్యాలు కూడా గట్టి కవచం పలకలు తొడుక్కుంటాయనే భయం. దాంతో 2022 ఏప్రిల్‌లో అమెరికా సిగ్ సావర్ అనే తుపాకీ కంపెనీకి కాంట్రాక్ట్ ఇచ్చింది, 6.8 బై 51 తూటా, రైఫిల్ పేరు ఇప్పుడు ఎం7. ఆ తూటా కేసు అడుగు ఉక్కు, పైన ఇత్తడి, ఎందుకంటే లోపల ఒత్తిడి 80 వేల పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 80 వేల పౌండ్ల, దాకా పోతుంది, 5.56లో ఇది 60 వేల చిల్లరే, ఇంత ఒత్తిడి ఇత్తడి అడుగు తట్టుకోదు. పైన ఎం157 అని స్కోపు, లేజర్‌తో దూరం కొలిచి, గాలి ఒత్తిడి లెక్కేసి ఎక్కడ పెట్టి కాల్చాలో చుక్క చూపిస్తుంది. గొట్టం చివర సైలెన్సర్ కూడా మామూలుగానే ఇస్తున్నారు, అది చాలా మంచి పని, శత్రువుకి వినబడకూడదని కాదు, సొంత మనుషుల చెవులు పోకూడదని, పక్కవాడి కేక వినబడాలని.

బాగానే ఉంది కానీ బరువు చూడండి. సైలెన్సర్‌తో కలిపి నాలుగున్నర కిలోల దాకా, దాని మీద స్కోపు, తూటాలు వేరే. మ్యాగజైన్‌లో 30 బదులు 20. ఏడు మ్యాగజైన్లు మోస్తే పాత లెక్కలో 210 తూటాలు, కొత్త లెక్కలో 140. ఈ దారి ఎక్కడో చూసినట్టు లేదూ? 51 మిల్లీమీటర్ల కేసు, 20 తూటాల మ్యాగజైన్, దూరం కొట్టే సైనికుడు... ఎం14! తేడా ఏంటంటే ఈసారి కంప్యూటర్ ఉన్న స్కోపు ఉంది, గురి సమస్యని అది తీరుస్తుంది అనేది వాళ్ళ వాదన, అది కొట్టిపారేయదగ్గది కాదు, 1952 రిపోర్ట్‌లో 300 గజాలు అన్నది తుపాకీ గురించి కాదు, మనిషి కన్నూ చేయీ గురించి. కన్ను మారితే లెక్క మారొచ్చు. కానీ చెట్లు, గోడలు, పొగ, భయం మారవు, నాకు కనబడని వాణ్ణి స్కోపు కూడా చూడలేదు. నా మటుకు నేను అందరికీ చిన్న తూటా ఇచ్చి, ఆ మంచి స్కోపు దాని మీద పెట్టి, పెద్దది దళంలో ఒకరిద్దరికి ఇస్తాను. నాతో ఒప్పుకోని వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు.

డ్రోన్‌ల సంగతి అడుగుతున్నారు... అవును, ఉక్రెయిన్ చూశాక రైఫిల్ పని మారింది, పైనుంచి వచ్చే చిన్న డ్రోన్‌ని కొట్టాలంటే మామూలు సైట్‌తో అదృష్టమే దిక్కు, చాలామంది షాట్‌గన్‌లు పట్టుకుంటున్నారు. ఇజ్రాయెల్ కంపెనీ ఒకటి స్మాష్ అని స్కోపు చేసింది, మీరు ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటారు, కానీ కాలదు, లక్ష్యం సరిగ్గా లెక్కలోకి వచ్చిన క్షణంలో అదే వదులుతుంది. బ్రిటన్ సైన్యం కొనుక్కుంది కూడా. ఆలోచించండి, ఇప్పటిదాకా ఎప్పుడు పేలాలో వేలు నిర్ణయించేది, ఇప్పుడు వేలు అనుమతి ఇస్తుంది, క్షణాన్ని చిప్ ఎంచుకుంటుంది. నాకు రాబోయే పెద్ద మార్పు ఇదే అనిపిస్తుంది, కేసు లేని తూటాలు, ప్లాస్టిక్ కేసులు వస్తే వస్తాయి. కాకపోతే దానికి బ్యాటరీ కావాలి, చలిలో బ్యాటరీ దిగిపోతుంది, కాబట్టి ఇంకా చాలాకాలం పైన అద్దం చచ్చిపోయినా కింద తుపాకీ పేలేలా కట్టాల్సిందే.

ఇంకో ప్రశ్న, ఏకే మంచిదా ఎం16 మంచిదా? నేను చూస్తూనే ఉన్నా ఇంకా ఎవరూ అడగలేదేంటా అని. తుడిచే ఓపిక ఉంటే ఎం16, లేకపోతే ఏకే. నాకు ఓపిక ఉండేది, జీతం దానికే కదా. (నవ్వులు)

సరే టైం అయిపోయింది అంటున్నారు. ఆ తూటాలు ఇటు పంపించండి. ఇదిగో పెద్దది వచ్చింది... మధ్యది వచ్చింది... చిన్నది ఏదండీ? ఎవరి దగ్గరుంది? కుర్చీల కింద చూడండి ఒకసారి. జేబులో వేసుకుంటే బరువు కూడా తెలీదు దానికి, అందుకే చెప్తున్నా, జేబులు చూసుకోండి.